డెల్టా తోటలో చెరువు: తవ్వకానికి ముందు ఒక ఏడాది

ఇంటి పెరటిలోనో, కొబ్బరితోట మూలనో ఒక చిన్న చెరువు ఉండాలన్న కోరిక ఇటీవల గోదావరి డెల్టా గ్రామాలలో పెరుగుతున్నది. ఉద్యోగ విరమణ చేసి స్వగ్రామానికి తిరిగివచ్చినవారు, తోటను కొత్తగా చేతికి తీసుకొన్న యువకులు, వేసవి నీటి ఎద్దడికి విసిగిన చిన్న రైతులు ఈ ఆలోచన చేస్తున్నారు. ఇది ఆహ్వానించదగిన పరిణామమే. అయితే పొక్లెయిన్ యంత్రం ఒక్క పూటలో తవ్వగల గుంతను మళ్ళీ పూడ్చి, నేలను పూర్వస్థితికి తేవడం ఆ రైతు జీవితకాలంలో సాధ్యం కాకపోవచ్చు. అందువల్ల ఆ ఒక్క పూటకు ముందు జరగవలసిన ఆలోచన గురించి చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. డెల్టాలో తోట చెరువు ప్రణాళిక నీరు ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నతో కాక, ఎక్కడికి పోతుందన్న ప్రశ్నతో మొదలుకావాలి. ఆ ప్రశ్నకు ఒక వానాకాలం, ఒక వేసవి చూడనిదే సరైన జవాబు దొరకదు.

మెట్ట నమూనా డెల్టాకు ఎందుకు సరిపడదు

రాష్ట్రంలో నీటికుంటలపై జరిగిన ప్రచారంలో అధికభాగం అనంతపురం వంటి వర్షాభావ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని రూపొందినది. అక్కడ భూగర్భజలం చాలా లోతున ఉంటుంది. వాలు వెంబడి పారే వాననీటిని పల్లంలో ఆపడం, ఇంకిపోకుండా అడుగున ప్లాస్టిక్ పట్టా పరచడం, బెట్ట సమయంలో పంటకు ఒకటి రెండు తడులు ఇవ్వడం అక్కడి అవసరం. ఆ ప్రాంతానికి ఆ సిఫారసు శాస్త్రీయమైనది.

అదే చిత్రాన్ని కోనసీమ రైతు చేతిలో పెట్టడం సరికాదు. డెల్టాలో చాలాచోట్ల వానాకాలంలో భూగర్భ నీటిమట్టం నేలకు ఒకటి రెండు మీటర్ల లోపలికే వస్తుంది. అటువంటి చోట పట్టా పరచిన గుంటలో నీరు తగ్గినప్పుడు, బయటి నేలలోని నీరు అడుగు నుండి పట్టాను పైకి నెడుతుంది. పట్టాకు దాదాపు బరువు లేదు కనుక అది బుడగలా ఉబ్బి, అతుకుల వద్ద చిరుగుతుంది. అడుగున కుళ్ళే వేర్ల నుండి, సేంద్రియ పదార్థం నుండి వెలువడే వాయువులు కూడా ఇదే పని చేస్తాయి. వేల రూపాయలు వెచ్చించి పరచిన పట్టా రెండు మూడేళ్ళలో చెత్తగా మారి, ప్లాస్టిక్ ముక్కలుగా నేలలో కలుస్తుంది. మెట్టలో చెరువు అంటే నీటిని నిలిపే పాత్ర. డెల్టాలో అది చాలావరకు భూగర్భజలానికి తెరచిన కిటికీ. ఈ తేడాను గుర్తించకుండా వేసిన ఏ అంచనా అయినా తప్పుతుంది.

కపిలేశ్వరపురం పరిస్థితి

కపిలేశ్వరపురం మండలం 2022లో డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరినప్పటికీ, భౌగోళికంగా గౌతమికి ఎడమ ఒడ్డున, తూర్పు డెల్టాలో ఉన్నది. ఒక పక్క ఏటిగట్టు, దానికి ఆవల లంకలు, ఇవతల కాలువల కింద వరిచేలు, కొబ్బరి, అరటి తోటలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల ద్వారా వచ్చిన నీరు ఈ నేల రూపాన్నే మార్చివేసింది. అయితే కాలువలతో నీరు తేవడంపై పెట్టిన శ్రద్ధ, మురుగు కాలువలతో నీరు తీయడంపై అదే స్థాయిలో కొనసాగలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానివేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల కొరతతోపాటు మురుగు సమస్య కూడా వారి ఆవేదనలో ముఖ్యభాగమైనది. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకొన్న మురుగు కాలువలు ఇప్పటికీ మనకు పరిచితమైన దృశ్యమే.

ఈ ప్రాంతంలో చెరువు కొత్త విషయమేమీ కాదు. ఇల్లు కట్టే ముందు పల్లపు స్థలాన్ని మెరక చేయడానికి పక్కనే మట్టి తీసేవారు. ఆ గుంటే పశువులకు, బట్టలకు, పాదులకు నీరిచ్చేది. మెరక, గుంట ఒకే పనికి రెండు ముఖాలు. ఊరి మంచినీటి చెరువులను కాలువలు కట్టేసే ముందు నింపుకోవడం నేటికీ సాగుతున్న ఆచారం. ఆ తరం వారు ప్రణాళిక కాగితంపై గీయకపోవచ్చు. కాని ఏ వానకు నీరు ఎంతవరకు నిలుస్తుందో, ఏ బోదె గుండా పోతుందో వారికి ఏళ్ళ తరబడి తెలిసి ఉండేది. నేటి కొత్త యజమానికి లేనిది ఆ జ్ఞాపకమే. దానిని కొనలేము, కొంతవరకు కొలిచి సంపాదించవచ్చు.

"డెల్టాలో నీటికి కరువేమిటి, చెరువు ఎందుకు?" అని అడిగేవారున్నారు. దాళ్వా ముగిసి కాలువలు కట్టేసిన తరువాత, తిరిగి నీరు వదిలేవరకు గడిచే మండు వేసవే ఆ ప్రశ్నకు సమాధానం. కొబ్బరిలో పిందె రాలడానికి నీటి ఎద్దడి ఒక ప్రధాన కారణం. వేసవిలో పడిన ఎద్దడి ప్రభావం అప్పటికప్పుడు కాక, తరువాతి నెలల దింపులో బయటపడుతుంది. కనుక ఈ చెరువుకు ఒక నిజమైన ప్రయోజనం ఉన్నది. దాని పరిమితి కూడా తెలిసి ఉండాలి.

ఏడాది పరిశీలనలో ఏమి చూడాలి

మొదటి పని నేలను చదవడం. చెరువు అనుకొన్న చోట చేతి బర్మాతో రెండున్నర లేదా మూడు మీటర్ల లోతు రంధ్రం వేసి, ప్రతి అడుగుకు వచ్చిన మట్టిని వరుసగా పేర్చి చూడాలి. తడి మట్టిని అరచేతుల మధ్య పెన్సిలు మందాన పేనినప్పుడు విరగకుండా ఉంగరంలా వంగితే అది బంకమట్టి. పేనక ముందే విడిపోతే ఇసుక. గోదావరి ఒండ్రులో పైన బంకమట్టి, కింద ఇసుక పొరలు ఉండటం సాధారణం. చెరువు ఆ బంక పొరను దాటి ఇసుకలోకి దిగితే, ఇకపై ఆ చెరువు నీటిమట్టం మన అధీనంలో ఉండదు. భూగర్భ నీటిమట్టంతోపాటే లేస్తుంది, దానితోపాటే దిగుతుంది. ఇది మంచిదా చెడ్డదా అన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. తెలియకుండా జరగడమే నష్టం.

రెండవది, అదే రంధ్రంలో చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం దించి, వారానికి ఒకసారి నేల మట్టం నుండి నీరు ఎంత లోతున ఉన్నదో నోటు పుస్తకంలో రాయాలి. జూన్ నుండి మే వరకు రాసిన ఆ 52 అంకెలు చెరువు లోతును, గట్టు ఎత్తును, పట్టా అవసరమా కాదా అన్నదానిని నిర్ణయిస్తాయి. దీనికి అయ్యే ఖర్చు పొక్లెయిన్ ఒక గంట అద్దెకంటె ఎక్కువ కాదు.

మూడవది, భారీ వర్షం కురిసిన మరునాడు తోట అంతా తిరిగి నీరు ఎటు నుండి వచ్చి ఎటు పోతున్నదో చూడాలి. గౌతమీ తీరంలో వానాకాలం ఒక్క తరహాగా ఉండదు. జూలై, ఆగస్టులలో వరద ఏటిలో ఉన్నప్పుడు మురుగు నీరు దిగదు. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాల వాన ఒకటి రెండు రోజులలోనే కుమ్మరిస్తుంది. ఈ రెండు సందర్భాలనూ చూసిన తరువాతే చెరువు పొర్లు దారిని గుర్తించాలి.

నాలుగవది నీటి నాణ్యత. వేసవి చివర, నీరు బాగా దిగినప్పుడు తీసిన నమూనాలో విద్యుత్ వాహకత పరీక్షించాలి. ఆహార వ్యవసాయ సంస్థ ప్రమాణాల ప్రకారం మీటరుకు 0.7 డెసీసీమెన్ల లోపు ఉన్న నీటితో ఉప్పు ఇబ్బంది లేదు. 3 దాటితే తీవ్రమైన పరిమితులున్నట్లు. కపిలేశ్వరపురం సముద్రానికి దూరం కనుక ఇక్కడ ఈ సమస్య తక్కువ. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, సఖినేటిపల్లి వైపు తీరగ్రామాలలో ఇదే మొదటి ప్రశ్న. అక్కడ తీపినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. సిద్ధాంతరీత్యా సముద్రమట్టానికి పైన ఒక అడుగు తీపినీరు తగ్గితే, అడుగున ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదు. కనుక తీరంలో లోతైన గుంటకంటె వెడల్పైన, తక్కువ లోతు గుంట శ్రేయస్కరం. అందులో నుండి మోటారుతో ఒకేసారి నీరు లాగివేయడం తగదు.

ఏటిగట్టు దగ్గర తవ్వరాదు

ఇది తోట యజమాని సొంత లాభనష్టాలకు మించిన విషయం. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఏటిగట్లు పలుచోట్ల తెగి గ్రామాలు మునిగాయి. 2022 జూలైలో ప్రవాహం మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరద సమయంలో ఏటిలోని నీరు గట్టు కింది ఇసుక పొర గుండా ఊరివైపు ఒత్తిడితో ఊరుతుంది. ఆ ఒత్తిడిని ఊరివైపు నేలపై ఉన్న బంకమట్టి పొర తన బరువుతో అణచి ఉంచుతుంది. అక్కడ గుంట తవ్వితే ఆ మూత పలుచనవుతుంది, నీరు ప్రయాణించవలసిన దూరమూ తగ్గుతుంది. నీరు ఇసుకను వెంటబెట్టుకొని బుగ్గలుగా పైకి వస్తే, గట్టు అడుగు నుండి ఖాళీ అవుతుంది. మూడు సెంట్ల గుంట ఒక ఊరికి ముప్పు తేవడానికి ఈ మార్గం ఒక్కటి చాలు. కనుక ఏటిగట్టు పక్కనున్న తోటలలో జలవనరుల శాఖ ఇంజనీర్లను లిఖితపూర్వకంగా సంప్రదించనిదే అడుగు మట్టి కూడా తీయరాదన్నది నా దృఢమైన అభిప్రాయం. "నా భూమి, నా ఇష్టం" అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఎంత చెరువు, ఎంత నీరు

కొత్తవారికి చెరువుపై ఉండే ఆశ తరచుగా అంకెలకు నిలవదు. ఒక ఉదాహరణ చూద్దాం. నిండినప్పుడు నీటి ఉపరితలం 12 మీటర్లు, 10 మీటర్లు, నీటి లోతు 2 మీటర్లు, ప్రక్కల వాలు ఒక మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్లు అనుకొందాం. ఇది సుమారు 3 సెంట్ల స్థలం. అడుగు 6 మీటర్లు, 4 మీటర్లుగా మిగులుతుంది. ఘనపరిమాణం సుమారు 132 ఘనమీటర్లు, అంటే 1,32,000 లీటర్లు. చేపలు, ఇతర జీవాలు బతకడానికి అడుగున అర మీటరు నీరు వదిలితే 16 ఘనమీటర్లు పోతుంది. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున రెండు నెలలు ఆవిరైతే మరో 29 ఘనమీటర్ల వరకు తరుగు. మొక్కలకు దక్కేది సుమారు 87 ఘనమీటర్లు.

ఎనిమిది మీటర్ల దూరంలో నాటిన కొబ్బరి ఎకరాకు 63 చెట్లు. డ్రిప్ ద్వారా చెట్టుకు రోజుకు 40 లీటర్లు ఇస్తే ఎకరాకు రోజూ సుమారు రెండున్నర ఘనమీటర్ల నీరు కావాలి. ఈ లెక్కన మన చెరువు ఎకరం తోటకు దాదాపు 34 రోజులు, అర ఎకరానికి రెండు నెలలకు పైగా సరిపోతుంది. ఊట, ఇంకుడు వల్ల ఈ అంకె అటూ ఇటూ మారవచ్చు. పాదులకు నేరుగా నీరు పారిస్తే మాత్రం ఇందులో సగం రోజులు కూడా రాదు. కాబట్టి మూడు సెంట్ల చెరువు అర ఎకరం తోటకు ఆపద్ధర్మం. రెండెకరాల తోటకు అదే ఆధారమనుకొంటే నిరాశ తప్పదు. ఈ లెక్క తవ్వకం ముందు వేసుకోవడం వివేకం.

తవ్విన మట్టి లెక్క కూడా వేయాలి. 132 ఘనమీటర్ల గట్టి నేల తవ్వితే, గుల్లబారి సుమారు 160 ఘనమీటర్లు అవుతుంది. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనమీటర్ల చొప్పున 50కి పైగా ట్రక్కులు. దీనిని పది సెంట్ల స్థలంలో పరిస్తే నేల 40 సెంటీమీటర్లు లేస్తుంది. పల్లపు ప్రాంతంలో 40 సెంటీమీటర్ల మెరక అంటే పక్కవారి చేలో నిలిచే నీరు. పొరుగు తగవులలో చాలాభాగం చెరువు వల్ల కాక, చెరువు మట్టి వల్ల పుడతాయి. మట్టి ఎక్కడికి పోవాలో తేలిన తరువాతే యంత్రాన్ని పిలవాలి. పై అడుగు సారవంతమైన మట్టిని విడిగా తీసి అరటి, కూరగాయల మడులకు వాడాలి. అడుగు మట్టిని ఇంటి మెరకకు, బాటలకు మాత్రమే ఉపయోగించాలి.

నిర్మాణంలో పాటించవలసినవి

కొబ్బరి వేర్లలో అధికభాగం మాను చుట్టూ రెండు మీటర్ల లోపు ఉంటాయి. చెరువు అంచు మానుకు కనీసం నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. లేకుంటే వేర్లు తెగడమే కాక, తుఫాను గాలికి చెట్టు చెరువువైపు ఒరుగుతుంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి ఎంతగా నేలకూలిందో చూసినవారికి ఈ జాగ్రత్త గురించి వేరుగా చెప్పనవసరం లేదు. మరుగుదొడ్డి గుంత, పశువుల కొట్టం మురుగు చెరువుకు ఎగువన ఉండరాదు.

నిటారు గోడల గుంట తక్కువ స్థలంలో ఎక్కువ నీరు పట్టినట్లు కనిపించినా, ఒండ్రు నేలలో మొదటి వానకే అంచులు జారుతాయి. వాలు ప్రక్కలు, ఒక వైపు మెట్లు లేదా ఏటవాలు దారి తప్పనిసరి. బోదె నుండి నీరు వచ్చేచోట ఒక చిన్న ఒండ్రు గుంత కడితే మట్టి అక్కడే పేరుకొంటుంది, ఏటా పారతో తీసివేయవచ్చు. అన్నిటికంటె ముఖ్యమైనది పొర్లు తూము. నీరు గట్టు మీదుగా కాక, గట్టుకు ఒకటిన్నర అడుగు కింద అమర్చిన గొట్టం గుండా సొంత బోదెలోకి, అక్కడి నుండి మురుగు కాలువలోకి చేరాలి. ఆ దారి పక్కవారి పొలం గుండా పోవలసి వస్తే, వారి అంగీకారం లేకుండా చెరువు పని మొదలుపెట్టరాదు.

నీటిలో ఏమి పెంచాలి

కడియం నర్సరీలలో కలువ, తామర మొక్కలు సులభంగా దొరుకుతున్నాయి. నీటి ఉపరితలంలో మూడవ వంతుకు మించి ఆకు కప్పకుండా చూడాలి. గుర్రపుడెక్క, అంతరతామరలను పువ్వు అందంగా ఉన్నదనో, నీరు శుభ్రపడుతుందనో తెచ్చి వదలరాదు. పొర్లు తూము గుండా అవి మురుగు కాలువకు చేరితే ఆ నష్టం ఊరంతటిదీ అవుతుంది.

చేపలను మితంగా వదలాలి. పైన చెప్పిన పరిమాణం గల గుంటలో గాలి మరలు లేకుండా 40, 50 పిల్లలకు మించకపోవడం మేలు. రాత్రివేళ నీటి మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకొంటాయి కనుక తెల్లవారుజామున అది అత్యల్పంగా ఉంటుంది. ఆ సమయంలో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఎరువు, మేత ఆపి, కొత్త నీరు కలపాలి.

దోమల భయంతో చెరువు ఆలోచనే మానుకొనేవారున్నారు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ప్రధానంగా తొట్లు, డ్రమ్ములు, టైర్లు, కొబ్బరి చిప్పలలోని నిలవ నీటిలో పెరుగుతుంది. చేపలున్న చెరువులో దోమ పిల్లలు పెరిగేది ముఖ్యంగా అంచుల గడ్డిలో, చేప చేరలేని చోట. వేసవి వెచ్చదనంలో గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక వారానికి ఒకసారి అంచులు శుభ్రం చేయడమే అసలు మందు. దోమల నివారణకు గంబూసియా చేపలను వదలడం పరిపాటి అయినా, అది ప్రపంచంలోని అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్నదని, పొర్లు నీటితో బయటికి పోతే స్థానిక చిరుచేపలను నశింపజేస్తుందని మరువరాదు. తోట చెరువులో మన బోదెలలో దొరికే చిరుచేపలకే ప్రాధాన్యమివ్వడం మంచిది.

పిల్లల భద్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీటమునిగి సుమారు 3 లక్షల మంది మరణించారు. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేళ్ళలోపు పిల్లలు. ఇంటికి దగ్గరి చెరువు ఎంత చిన్నదైనా చుట్టూ కంచె, గొళ్ళెం ఉన్న తలుపు లేకుండా పూర్తయినట్లు కాదు. అంచు నుండి మొదటి మీటరు మేర లోతు మోకాలికి మించకుండా మెట్టుగా వదిలితే జారినవారు నిలదొక్కుకోగలరు. కంచె ఖర్చును అంచనాలో మొదటి పద్దుగా వేయాలి. చివరి పద్దుగా వేసిన కంచె డబ్బు చాలక ఆగిపోవడం సర్వసాధారణం.

సంస్థలు చేయవలసినది

2022 ఏప్రిల్‌లో ఆరంభమైన అమృత్ సరోవర్ కార్యక్రమం కనీసం ఒక ఎకరం విస్తీర్ణం, సుమారు 10,000 ఘనమీటర్ల నిలవ గల చెరువులను ఉద్దేశించినది. ఉపాధి హామీ కింద నీటికుంటలు మెట్ట సేద్యాన్ని దృష్టిలో పెట్టుకొన్నవి. ఈ రెంటి నడుమ డెల్టాలోని మూడు సెంట్ల తోట చెరువు ఎవరి పరిధిలోకీ రాకుండా మిగిలిపోయింది. ఫలితంగా దాని ప్రణాళికను యంత్రం నడిపేవారే నిర్ణయిస్తున్నారు. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు, ముఖ్యంగా మార్టేరు, అంబాజీపేట పరిశోధనా స్థానాలు కలిసి డెల్టాకు ప్రత్యేకమైన ఒక సిఫారసు పత్రం తయారుచేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఏటిగట్టు సమీపం, లోపలి బంకనేలలు, తీర ఇసుకనేలలు అని మూడు మండలాలుగా విభజించి, ఒక్కొక్కదానికి తగిన లోతు, వాలు, పొర్లు దారి అందులో సూచించాలి. రైతు సేవా కేంద్రాల స్థాయిలో చేతి బర్మా, వాహకత మీటరు అందుబాటులో ఉంచితే పరిశీలనకు అడ్డంకి తొలగుతుంది.

ఏడాది ఆగమనడం ఉత్సాహాన్ని చల్లార్చడమేనని కొందరు అనవచ్చు. ఆ ఏడాదిలో తోట యజమాని చేయవలసిన పని తక్కువేమీ కాదు. నీటిమట్టం రాయడం, పొర్లు బోదె తవ్వడం, పొరుగువారితో మాట్లాడటం, మట్టికి స్థలం చూడటం, కంచె కట్టడం ఇవన్నీ చెరువు పనులే. వీటిని పూర్తిచేసినవారు చివరకు తవ్వకపోయినా నష్టపోరు. వారి తోటలో మురుగు అప్పటికే దిగుతూ ఉంటుంది. తవ్వినవారికి మాత్రం మే నెల ఎండలో అర ఎకరం కొబ్బరిని నిలబెట్టే నీరు చేతిలో ఉంటుంది, నవంబరు వానలో పక్కచేను మునగదు. డెల్టాలో ఒక చెరువు బాగున్నదని చెప్పడానికి నా దృష్టిలో ఈ రెండు గుర్తులూ సమానమే.